సుబ్బిని ఎవరడిగారు? – ‘కన్యాశుల్కం’లో ఒప్పందం, ఆసరా, పిల్లల మాట

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• ‘కన్యాశుల్కం’ నాటకాన్ని పెద్దల మధ్య కుదిరిన ఒక ఒప్పందం కథగా చదవగలుగుతారు.
• సుబ్బి, మహేశం, బుచ్చమ్మ పాత్రలను పిల్లల రక్షణ దృష్టితో పరిశీలించగలుగుతారు.
• నాటకం నాటి చట్టాలకూ నేటి చట్టాలకూ మధ్య వచ్చిన మార్పును వివరించగలుగుతారు.
• పాత రచనను నేటి విలువలతో విమర్శించేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలను గుర్తించగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

గురజాడ అప్పారావు (1862–1915) రాసిన ‘కన్యాశుల్కం’ 1892లో మొదట ప్రదర్శితమైంది. 1897లో అచ్చయింది. బాగా పెంచి, మార్చి రాసిన రెండో కూర్పు 1909లో వెలువడింది. మనం ఈనాడు చదివేదీ, రంగస్థలం మీద చూసేదీ ఈ రెండో కూర్పునే. ఈ పాఠంలోని చర్చ కూడా దానికే పరిమితం.

ఈ నాటకం మీద వచ్చిన విమర్శ చాలావరకు ఇద్దరి చుట్టూ తిరిగింది. ఒకరు గిరీశం, మరొకరు మధురవాణి. గిరీశం మోసగాడా, కాలం కన్న బిడ్డా? మధురవాణి వేశ్యా, నాటకానికి నీతి మూలమా? ఈ ప్రశ్నల మీద వందేళ్లకు పైగా వాదన నడుస్తోంది. వ్యావహారిక భాష గురించి, హాస్యం గురించి కూడా విలువైన చర్చ జరిగింది. వాటిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు.

అయితే కొన్నేళ్ల క్రితం చిత్తూరులో సంపర్క తరగతి చెబుతున్నప్పుడు ఒక విద్యార్థిని అడిగిన ప్రశ్న నన్ను ఇంకో దారి పట్టించింది. ఆమెది మా బంగారుపాళ్యం దగ్గరి పల్లె. పదో తరగతి మధ్యలో బడి మాన్పించి మేనమామకిచ్చి పెళ్లి చేశారు. ఇద్దరు పిల్లలు పుట్టి, వాళ్లు బడికి పోవడం మొదలుపెట్టాక, ఆమె దూరవిద్యలో డిగ్రీకి చేరింది. పెళ్లి బేరం రంగం మీద పాఠం అయిపోయాక లేచి నిలబడింది. “సుబ్బి ఏమనుకుంటా ఉందో ఎవురూ అడగరేం సార్?” అంది. తరగతిలో కొందరు నవ్వారు. నాకు మాత్రం జవాబు దొరకలేదు. ముప్పై ఏళ్లుగా ఆ నాటకం పాఠం చెబుతున్నాను. ఆ ప్రశ్న నాకెప్పుడూ రాలేదు.

ఈ పాఠం ఆ ప్రశ్నకు జవాబు వెతికే ప్రయత్నం.

2. పూతలోనే గుత్త

మా ప్రాంతం మామిడికి పేరు. బంగారుపాళ్యం చుట్టుపక్కల తోతాపురి తోటలు విస్తారం. సీజనులో మార్కెట్ యార్డు ముందు ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. ఇక్కడ ఒక పద్ధతి ఉంది. కాయ పడకముందే, చెట్టు పూత మీద ఉన్నప్పుడే, వ్యాపారి తోటను గుత్తకు మాట్లాడుకుంటాడు. కాపు ఎంత వస్తుందో ఎవరికీ తెలియదు. గాలివాన వస్తే పూత రాలుతుంది. అయినా బేరం కుదురుతుంది, బయానా చేతులు మారుతుంది. ఇది ఇద్దరు పెద్దల మధ్య వ్యవహారం. లాభమో నష్టమో వాళ్లదే. చెట్టును అడగనవసరం లేదు.

గురజాడ కాలంలో విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో ఆడపిల్లల విషయంలో జరిగింది ఇలాంటి బేరమే. ‘కన్యాశుల్కం’ మొదటి కూర్పుకు ఇంగ్లీషులో రాసిన పీఠికలో గురజాడ కొన్ని లెక్కలు ఇచ్చారు. విజయనగరం మహారాజు ఆ జిల్లాలో జరిగిన శుల్క వివాహాల జాబితా ఒకటి తయారు చేయించారు. మూడేళ్లకు లెక్కకు వచ్చినవి 1,034 పెళ్లిళ్లు. వాటిలో ఐదేళ్ల వయసులో పెళ్లయిన పిల్లలు 99 మంది. నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు, ఏడాది వయసువాళ్లు ముగ్గురు. ఆ ఏడాది పిల్లల వెల 350 నుంచి 400 రూపాయలు. తల్లి కడుపులో ఉన్న బిడ్డకు కూడా బేరం కుదుర్చుకోవడం ఉందని ఆయన అదే పీఠికలో రాశారు.

ఈ లెక్కలను ఇంకోసారి చదవండి. ఐదేళ్లలోపు, ఐదేళ్ల పిల్లలు కలిపి 188 మంది. అంటే జాబితాలోని ప్రతి ఐదారు పెళ్లిళ్లలో ఒకటి. నాటకం చదివేటప్పుడు మనకు వచ్చే నవ్వు వెనుక ఈ జాబితా ఉంది. పూతలోనే తోటను గుత్తకిచ్చినట్టు పిల్లనిచ్చేశారు. తేడా ఒక్కటే. చెట్టుకు నోరు లేదు, పిల్లకు ఉంది. ఆ నోటికి ఒప్పందంలో చోటు లేదు.

3. 1,800 రూపాయల ఒప్పందం

నాటకంలోని బేరం మీకు తెలిసిందే. కృష్ణరాయపురం అగ్రహారం వాసి అగ్నిహోత్రావధాన్లు తన చిన్న కూతురు సుబ్బిని రామచంద్రపురం అగ్రహారంలోని ముసలి లుబ్ధావధాన్లకు 1,800 రూపాయలకు ఇవ్వడానికి ఒప్పుకుంటాడు. ఇది అతని మొదటి బేరం కాదు. పెద్ద కూతురు బుచ్చమ్మను కూడా ఇలాగే ముసలివాడికిచ్చాడు. ఆమె చిన్న వయసులోనే వితంతువై పుట్టింటికి చేరింది. జరిగిన నష్టం కళ్లెదుట తిరుగుతూ ఉండగానే రెండో ఒప్పందం కుదిరింది.

ఒప్పందంలో ఎవరెవరున్నారో చూద్దాం. అమ్మేవాడు తండ్రి. కొనేవాడు ముసలి వరుడు. బేరాల చుట్టూ తిరుగుతూ తన లాభం చూసుకునేవాడు రామప్పంతులు. కాదన్నవాళ్లలో ఒకరు తల్లి వెంకమ్మ. ఆమె మాటకు విలువ లేదు. మాట చెల్లనప్పుడు ఆమె చేతిలో మిగిలింది ప్రాణం ఒక్కటే కనుక బావిలో దూకుతుంది. ఈ సన్నివేశాన్ని చాలామంది కథను ముందుకు నడిపే మలుపుగా మాత్రమే చూశారు. నిజానికి బిడ్డను కాపాడుకోవడానికి తల్లి వెళ్లగలిగిన కార్యాలయం గాని, చెప్పుకోగలిగిన అధికారి గాని లేని కాలంలో బావి ఒక్కటే ఆమె ఫిర్యాదు పెట్టె. గురజాడ ఈ సంగతిని ఉపన్యాసంగా చెప్పలేదు. ఒక తల్లి చేత చేయించి చూపించారు.

ఇక సుబ్బి. నాటకంలోని కథంతా ఆమె పెళ్లి చుట్టూ అల్లుకున్నదే. అయినా పెళ్లి గురించి ఆమె అభిప్రాయం అడిగినవాడు ఒక్కడూ లేడు. తండ్రి అడగకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఆమెను కాపాడాలనుకున్నవాళ్లు కూడా అడగలేదు. ఈ రెండో మాటే ఈ పాఠానికి ముఖ్యం.

4. ఒక పిల్లను కాపాడడానికి మరో పిల్లవాడు

వెంకమ్మ అన్నదమ్ముడు కరటకశాస్త్రులు మేనకోడలిని కాపాడడానికి పూనుకుంటాడు. అతను నాటకాల్లో ఆరితేరినవాడు. తన శిష్యుడు మహేశానికి ఆడపిల్ల వేషం వేసి, గుంటూరు శాస్త్రుల పేరుతో, ‘కూతురి’ని సుబ్బికన్నా తక్కువ ధరకు లుబ్ధావధాన్లకు అంటగడతాడు. ఎత్తు పారుతుంది. అగ్నిహోత్రావధాన్లు పెళ్లివారితో తరలివచ్చేసరికి వరుడికి పెళ్లయిపోయి ఉంటుంది. సుబ్బి బయటపడుతుంది.

ప్రేక్షకుడు చప్పట్లు కొడతాడు. నేనూ కొట్టాను. కానీ మహేశం వైపు నుంచి చూడండి. అతనూ చిన్నవాడే. గురువు చెప్పినందుకు ఒక ముసలివాడి ఇంట్లో పెళ్లికూతురిగా చేరాడు. గుట్టు బయటపడితే ఏమయ్యేది? ఆ ఇంట్లో ఏ ఆపద వచ్చినా ఆదుకునేవారెవరు? అతను తన తెలివితో రాత్రివేళ తప్పించుకున్నాడు. తప్పించుకోలేకపోయి ఉంటే? కరటకశాస్త్రులు ఈ ప్రశ్నలు వేసుకోడు. హాస్యం మనల్నీ వేసుకోనివ్వదు.

ఇంతటితో ఆగలేదు. ఈ పనికి ప్రతిఫలంగా తన కూతురిని మహేశానికిచ్చి పెళ్లి చేస్తానని గురువు ఆశ చూపిస్తాడు. ఒక పిల్ల పెళ్లి బేరాన్ని తప్పించడానికి మరో పిల్ల పెళ్లిని వాగ్దానం చేశాడన్నమాట. ఇక్కడ డబ్బు లేదు, దురాశ లేదు, వరుడు ముసలివాడు కాడు. అయినా ఒప్పందం స్వరూపం మారలేదు. ఆ కూతురినీ ఎవరూ అడగలేదు. మంచివాడైన కరటకశాస్త్రులు, చెడ్డవాడైన అగ్నిహోత్రావధాన్లు ఈ ఒక్క విషయంలో ఒకే పంక్తిలో కూర్చున్నారు.

ఇది గురజాడ పొరపాటా, పన్నాగమా? నా అభిప్రాయంలో పన్నాగమే. గురజాడ తన సానుకూల పాత్రలను కూడా కడిగి ఆరేసిన రచయిత. వేశ్యల పొడ గిట్టని సంస్కర్త సౌజన్యారావు చేత, ఒక వేశ్యే నీతి పాఠం నేర్చుకునేట్టు చేశారు. కరటకశాస్త్రుల వాగ్దానాన్ని నవ్వుగా చూపించి, దాని వెనుకనున్న అలవాటును మనం పట్టుకుంటామో లేదో చూశారు. మనం చాలాకాలం పట్టుకోలేదు.

5. చట్టం ఏం చెప్పింది?

నాటకం ప్రదర్శితమైన నాటికి ఒక్క ఏడాది ముందు, 1891లో, సమ్మతి వయసు చట్టం వచ్చింది. ఆడపిల్ల విషయంలో వయసును 10 నుంచి 12 సంవత్సరాలకు పెంచింది. దాని మీద దేశమంతా పెద్ద దుమారం రేగింది. అయితే అది పెళ్లి ఒప్పందాన్ని ముట్టుకోలేదు.

ఇక్కడ ఒక విచిత్రం గమనించండి. భారత ఒప్పందాల చట్టం 1872లో వచ్చింది. దాని ప్రకారం మైనరుకు ఒప్పందం చేసుకునే అర్హత లేదు. మైనరు రాసిచ్చిన తాకట్టు పత్రం అసలు చెల్లదని 1903లో ప్రివీ కౌన్సిల్ మొహరీ బీబీ కేసులో తేల్చి చెప్పింది. అంటే ఒక పిల్లవాడు తన పొలాన్ని తాకట్టు పెడితే చట్టం అతన్ని కాపాడింది. పిల్లనే తండ్రి ఇచ్చేస్తే మాత్రం కాపాడలేదు. ఆస్తికి దొరికిన రక్షణ ఒంటికి దొరకలేదు.

ఈ లోటు నెమ్మదిగా పూడుతూ వచ్చింది. 1929 నాటి శారదా చట్టం ఆడపిల్లకు 14, మగపిల్లవాడికి 18 ఏళ్లు కనీస వయసుగా నిర్ణయించింది. 1933లో పిల్లల శ్రమను తాకట్టు పెట్టడాన్ని నిషేధించే చట్టం వచ్చింది. అప్పు తీసుకుని, బదులుగా 15 ఏళ్లలోపు బిడ్డను పనికి పెడతానని తండ్రి రాసిచ్చే పత్రం చెల్లదని అది ప్రకటించింది. అలా రాసిచ్చిన తండ్రికీ, పనిలో పెట్టుకున్న యజమానికీ జరిమానా వేసింది. ఈ చిన్న చట్టం గురించి మన సాహిత్య విద్యార్థులకు పెద్దగా తెలియదు. కానీ బిడ్డ పేరుతో పెద్దలు చేసుకునే ఒప్పందాన్నే నేరుగా ప్రశ్నించిన చట్టం అది.

2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం ప్రకారం సుబ్బి కేసు ఏమవుతుంది? పెళ్లి కోసం బిడ్డను అమ్మితే ఆ పెళ్లి మొదటినుంచీ చెల్లదు. మామూలు బాల్యవివాహమైతే, మేజరైన రెండేళ్లలోపు ఆమె కోర్టుకు వెళ్లి రద్దు చేయించుకోవచ్చు. భరణం, నివాసం కోరవచ్చు. 2015 నాటి బాలల న్యాయ చట్టం ఇంకో అడుగు ముందుకు వేసింది. పెళ్లి ముప్పు పొంచి ఉన్న బిడ్డను సంరక్షణ అవసరమైన బిడ్డగా గుర్తించింది. జిల్లా బాలల సంక్షేమ కమిటీ ముందుకు ఆ బిడ్డ తనంతట తానే వెళ్లవచ్చు. 1098కు ఫోను చేయవచ్చు. వెంకమ్మ బావి దాకా పోనవసరం లేదు.

అయినా ఒక సందు మిగిలింది. నిశ్చితార్థం. తాంబూలాలు మార్చుకోవడం, మాట ఇచ్చుకోవడం, ‘పుట్టినప్పుడే అనుకున్నాం’ అనడం. బాల్యవివాహాల గురించి 2024 అక్టోబరులో ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని ప్రస్తావించింది. బాల్యంలోనే చేసే నిశ్చితార్థాలను నిషేధించే విషయం పార్లమెంటు ఆలోచించాలని సూచించింది. అంటే సుబ్బి పెళ్లిని నేటి చట్టం ఆపగలదు. ఆమె మీద కుదిరిన 1,800 రూపాయల మాట దగ్గరికి వచ్చేసరికి ఇంకా తడబడుతోంది. కరటకశాస్త్రులు మహేశానికిచ్చిన వాగ్దానం దగ్గరికైతే చేరనే లేదు.

6. పూనా హోమ్: ఆసరాలో మాట ఎక్కడ?

నాటకం చివరి రంగంలో ఒప్పందాలకు బదులు ఒక ఆసరా కనిపిస్తుంది. గిరీశం లేవదీసుకొచ్చిన బుచ్చమ్మను పూనాలోని వితంతు శరణాలయానికి పంపి చదువు చెప్పించాలని సౌజన్యారావు నిర్ణయిస్తాడు. ధోండో కేశవ్ కర్వే పూనాలో వితంతువుల హోమ్ ప్రారంభించింది 1896లో. రెండో కూర్పు నాటికి అది పేరున్న సంస్థ. మోసగాడి చేతి నుంచి వితంతువును చదువు చేతికి అప్పగించడం ఆ కాలానికి గొప్ప ఊహ. తెలుగు నాటకంలో ఒక వ్యక్తి జీవితానికి పరిష్కారంగా పెళ్లి గాక చదువు, వసతి కనిపించడం చిన్న విషయం కాదు.

కానీ ఆ నిర్ణయం జరుగుతున్నప్పుడు బుచ్చమ్మ ఆ గదిలో లేదు. తండ్రి అమ్మినప్పుడు అడగలేదు. గిరీశం మాయమాటలు చెప్పాడు గాని నిజం చెప్పి అడగలేదు. చివరికి మేలు చేసేవాడూ అడగలేదు. తెలుగు తప్ప మరో భాష రాని అమ్మాయిని మరాఠీ నేల మీదికి పంపేటప్పుడు ఒక్క మాట అడగాలనిపించలేదు.

పిల్లలకు, యువతకు సేవలందించే వ్యవస్థలన్నిటికీ ఇది వర్తిస్తుంది. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికను భారతదేశం 1992 డిసెంబరులో అంగీకరించింది. అందులోని 12వ అధికరణం, తనకు సంబంధించిన ప్రతి విషయంలో అభిప్రాయం చెప్పే హక్కు బిడ్డకు ఉందనీ, వయసును, పరిణతిని బట్టి దానికి విలువ ఇవ్వాలనీ అంటుంది. బిడ్డ చెప్పిందల్లా చేయాలని కాదు. అడగాలి, వినాలి, వినకపోతే ఎందుకు వినలేదో చెప్పాలి. వసతిగృహంలో చేర్చేటప్పుడు, బడి మార్చేటప్పుడు, కాపాడి తెచ్చిన బిడ్డను తిరిగి ఇంటికి పంపేటప్పుడు, ఈ మూడూ జరుగుతున్నాయా అన్నదే ఆ సేవకు గీటురాయి.

7. ఒక అభ్యంతరం

“1909 నాటి నాటకాన్ని ఇప్పటి చట్టాలతో తూచడం న్యాయమా?” అని మీరు అడగవచ్చు. సరైన ప్రశ్న. గురజాడను బోనులో నిలబెట్టడం విమర్శ కాదు. తన కాలంలో ఎవరూ చూపించనంత స్పష్టంగా పిల్లల అమ్మకాన్ని చూపించినవాడాయన. ఆ పీఠికలో లెక్కలు ఇవ్వకపోయి ఉంటే ఈ పాఠమే లేదు.

నేను తూస్తున్నది గురజాడను కాదు, మన చదువును. నాటకంలో సుబ్బి మౌనం రాతపూర్వకంగా ఉంది. దాన్ని మౌనంగా గుర్తించకుండా ‘కథకు సాకు’ అని దాటిపోయింది మనం. నాతో సహా. ఒక విద్యార్థిని, అదే అనుభవం నుంచి వచ్చిన మనిషి, ఒక్క వాక్యంలో ఆ లోటును చూపించింది. పాఠకుడి జీవితం కూడా విమర్శకు ఒక పరికరమే. దూరవిద్యలో చదివే మీకు ఆ పరికరం నా వంటి వారికన్నా ఎక్కువ పదునుగా ఉంటుంది. దాన్ని వాడడానికి సంకోచించకండి.

రెండో అభ్యంతరం: “కన్యాశుల్కం పోయింది కదా, ఇంకా ఎందుకు?” శుల్కం పోయి కట్నం వచ్చింది. పిల్ల వయసు బేరం మాత్రం పూర్తిగా పోలేదు. 2019–21 నాటి ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20–24 ఏళ్ల స్త్రీలలో 18 నిండకముందే పెళ్లయినవారు 29.3 శాతం. దేశ సగటు 23.3 శాతం. నూరేళ్ల కింద ఏడాది పిల్లకు పెళ్లి, నేడు పదహారేళ్ల పిల్లకు పెళ్లి. ఇది పెద్ద మార్పే. కానీ ‘అక్క కూతురే కదా, ఎవరికో ఇచ్చేకన్నా మేలు’ అని మా వైపు మేనరికం మాట కుదిరేటప్పుడు, అడగవలసిన మనిషి ఇంకా వంటింట్లోనే ఉంటోంది. మా బంగారుపాళ్యం నుంచి కొద్ది గంటల్లో అటు కర్ణాటకకూ ఇటు తమిళనాడుకూ వెళ్లవచ్చు. సరిహద్దు దాటితే అధికారులు మారతారు. మాట మాత్రం మారదు.

8. సారాంశం

‘కన్యాశుల్కం’లో సుబ్బి పెళ్లి ఆగింది చట్టంతో కాదు, మోసంతో. ఆ మోసానికి మరో పిల్లవాడిని అపాయంలో పెట్టవలసి వచ్చింది, ఇంకో ఆడపిల్ల పెళ్లిని వాగ్దానం చేయవలసి వచ్చింది. చివర కనిపించే పూనా శరణాలయం నిజమైన ఆసరా. అయితే అక్కడికి వెళ్లవలసిన మనిషిని ఎవరూ అడగలేదు. అమ్మినవాడి నుంచి కాపాడినవాడి దాకా అందరిలోనూ ఉన్న ఈ లోటు నాటకంలోని లోతైన విషాదం. హాస్యం దాన్ని కప్పింది గాని తుడిచెయ్యలేదు.

పిల్లలకు సంబంధించిన ఏ ఒప్పందాన్నయినా, ఏ సేవనయినా పరిశీలించేటప్పుడు నాలుగు ప్రశ్నలు వేసుకోండి. బిడ్డను అడిగారా? లాభం ఎవరికి? కాదనుకుంటే బయటపడే దారి ఉందా? ఈ బిడ్డను కాపాడడానికి మరో బిడ్డ మూల్యం చెల్లిస్తోందా? కథను చదివేటప్పుడు కూడా ఇవే ప్రశ్నలు పనికొస్తాయి.

ఆ విద్యార్థిని డిగ్రీ పూర్తి చేసింది. చివరి తరగతి రోజున తన కూతురు ఎనిమిదో తరగతిలోకి వచ్చిందని చెప్పింది. అప్పుడే మేనమామ తరఫువాళ్లు ఇంటికి వచ్చి వెళ్లారట. “ఏం చెప్పావమ్మా?” అన్నాను. “పాపను అడగండి అన్నాను సార్. పాప చదువుకుంటానంది” అంది.

మీ అవగాహనను పరీక్షించుకోండి

అ) ఈ కింది ప్రశ్నలకు 10 వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. గురజాడ పీఠికలో ఇచ్చిన వివాహ లెక్కల ఆధారంగా నాటకంలోని బేరాన్ని వివరించండి.
2. మహేశం పాత్రను పిల్లల రక్షణ దృష్టితో సమీక్షించండి.
3. 1933 నాటి చట్టానికీ 2006 నాటి చట్టానికీ గల పోలికలు, భేదాలు తెలపండి.

ఆ) ఈ కింది ప్రశ్నకు 30 వాక్యాలలో సమాధానం రాయండి.
1. ‘బుచ్చమ్మను పూనాకు పంపడం రక్షణే గాని గౌరవం కాదు.’ ఈ అభిప్రాయంతో మీరు ఏకీభవిస్తారా? కారణాలతో చర్చించండి.

ఇ) అభ్యాసం
మీ ఇంట్లోగాని, వీధిలోగాని ఒక పిల్ల లేదా పిల్లవాడి గురించి పెద్దలు తీసుకున్న ఒక నిర్ణయాన్ని ఎంచుకోండి. బడి మార్పు కావచ్చు, పనిలో పెట్టడం కావచ్చు, సంబంధం మాట్లాడడం కావచ్చు. పేర్లు రాయకుండా, పై నాలుగు ప్రశ్నలతో ఒక పుటలో విశ్లేషించి సంపర్క తరగతికి తీసుకురండి.